అలుగు లేని చెరువులు

మా నాయనమ్మ బొంతలు కుట్టేది. చిరిగిన చీరలు, అంచులు పోయిన పంచెలు, రంగు వెలిసిన రుమాళ్ళు... ఆ ఇంట్లో గుడ్డ అన్నది ఏదీ వ్యర్థంగా పోయేది కాదు. అయితే సూది పట్టుకొనే ముందు ఆమె ప్రతి ముక్కనూ రెండు చేతులతో లాగి చూసేది. పిగిలిపోయే గుడ్డను పక్కన పెట్టేది. గట్టి గుడ్డకు చివికిన గుడ్డను జతచేస్తే, ఒక్క చలికాలమైనా గడవకముందే గట్టిది చివికినదాన్ని చీల్చివేస్తుందని ఆమె అనుభవం. ఆ పరీక్షకు ఎంతసేపు పట్టినా ఓపికగా చేసేదే తప్ప, 'ఫరవాలేదులే' అనుకొని కుట్టటానికి కూర్చున్న సందర్భం నాకు గుర్తు లేదు.

విద్యుత్ కార్ల నుండి విప్పి తీసిన బ్యాటరీ సెల్స్‌ను ఇంటి వద్ద తిరిగి కూర్చి, ఛార్జి చేసి వాడుకొనే పద్ధతిని గురించి నాలుగు మాటలు చెప్పదలచి బొంత ప్రస్తావనతో ప్రారంభించటానికి కారణం ఉన్నది. ప్రాచీన సాహిత్యం చదువుకొన్నవానికి బ్యాటరీలతో ఏమి పని అని విద్యార్థులు నవ్వవచ్చు. ఆ నవ్వును నేను కాదనను. కాని ఒక రాత్రి నా కళ్ళముందు జరిగిన సంఘటన నన్ను ఈ విషయంలోకి లాగింది. అప్పటి నుండి తెలిసినవారిని అడిగి, పుస్తకాలు తిరగవేసి, నాకు అర్థమైనంత మేరకు ఒక అభిప్రాయానికి వచ్చాను. దానిని మీ ముందు ఉంచుతున్నాను.

ముందుగా ఈ సెల్స్ ఎక్కడివో చూద్దాం. లిథియం అయాన్ బ్యాటరీ 1991లో విపణిలో ప్రవేశించింది. దాని రూపకల్పనకు మూలపురుషులైన జాన్ గుడినఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. కెమెరాలలో, చేతిఫోన్లలో ఒదిగిన ఆ బ్యాటరీయే క్రమంగా కార్లను నడిపే స్థాయికి ఎదిగింది. 2010 డిసెంబరులో నిస్సాన్ సంస్థ 'లీఫ్' అనే విద్యుత్ కారును అమ్మకానికి తెచ్చింది. తొలినాటి లీఫ్‌లోని బ్యాటరీ 24 కిలోవాట్ గంటల శక్తిని నిలువ చేయగలదు. అందులో 192 సెల్స్ ఉంటాయి. వాటిని నాలుగేసి చొప్పున 48 లోహపు పెట్టెలలో అమర్చారు. ఈ పెట్టెలనే మాడ్యూళ్ళు అంటారు. టెస్లా సంస్థ మరొక మార్గం తొక్కింది. దాని మోడల్ ఎస్ కారులోని 85 కిలోవాట్ గంటల బ్యాటరీలో బొటనవ్రేలంత లావున్న చిన్న సెల్స్ 7,104 ఉండేవి.

కారు ఏళ్ళ తరబడి నడిచాక బ్యాటరీ సామర్థ్యం కొత్తనాటి దానిలో 70, 80 శాతానికి దిగిపోతుంది. అప్పుడది దూరప్రయాణాలకు చాలదు. ఒక్కొక్కప్పుడు కారు ప్రమాదానికి గురై తుక్కు కిందికి పోతుంది గాని, దాని అడుగున ఉన్న బ్యాటరీ చెక్కుచెదరకుండా ఉంటుంది. అటువంటి వస్తువును పారవేయటం అవివేకం. భూగర్భాన్ని తవ్వి, వేల మైళ్ళు ఓడలలో మోసుకువచ్చి తయారు చేసినదానిలో మూడు వంతుల సత్తువ మిగిలి ఉండగా చెత్తకుప్పలో వేయటాన్ని మా నాయనమ్మ సహించేది కాదు. 2018లో ఆమ్‌స్టర్‌డామ్ నగరంలోని యోహాన్ క్రైఫ్ క్రీడాప్రాంగణంలో 148 లీఫ్ కార్ల బ్యాటరీలకు సమానమైన నిలువ వ్యవస్థను ఏర్పాటు చేశారు. అందులో కొన్ని కొత్తవి, కొన్ని కార్లలో వాడి తీసినవి. కాబట్టి పాత సెల్స్‌ను తిరిగి వాడటం సరైన పనే. నా పేచీ దానితో కాదు, వాడేటప్పుడు విడిచిపెట్టే జాగ్రత్తతో.

ఇక ఆ రాత్రి సంగతి. మా తమ్ముని కుమారుడు అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడు. 2021 ఫిబ్రవరిలో ఆ రాష్ట్రాన్ని మంచుతుఫాను ముంచెత్తింది. లక్షలాది ఇళ్ళకు కరెంటు పోయింది. గడ్డకట్టే చలిలో, ఇద్దరు చిన్నపిల్లలతో, దుప్పట్ల కింద గడిపిన ఆ రోజులను అతడు మరువలేకపోయాడు. ఆ తరువాత తుక్కు కార్ల వ్యాపారి వద్ద లీఫ్ మాడ్యూళ్ళు ఏడు కొని, ఇన్వర్టరు ఒకటి సంపాదించి, ఇంటి గ్యారేజిలో స్వయంగా బ్యాటరీ కూర్చుకొన్నాడు. గ్యాసు హీటరుకు గాలి తోలే ఫ్యాను, నాలుగు దీపాలు, ఫ్రిజ్జు కొన్ని గంటలపాటు నడిస్తే చాలునని అతని ఆలోచన. ఆలోచన ఉత్తమమైనది. తండ్రి అయినవాడు చేయదగినది.

2022 వేసవి సెలవులలో మేము అక్కడికి వెళ్ళాము. మేము బయలుదేరక ముందు, ఆ ఏప్రిల్ నెలలోనే నిజామాబాదులో ఒకటి, విజయవాడలో ఒకటి, ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన విద్యుత్ స్కూటరు బ్యాటరీలు పేలి ఇద్దరు మరణించిన వార్తలు పత్రికలలో వచ్చాయి. అవి కొనుక్కొన్న స్కూటర్ల బ్యాటరీలు. ఇంటివారు కూర్చుకొన్నవి కావు. ఆ వార్తలు నా మనస్సులో పచ్చిగా ఉన్నందువల్లనే కాబోలు, రాత్రి భోజనాలయ్యాక మా వాడు ఎంతో ఉత్సాహంగా గ్యారేజిలోకి తీసుకువెళ్ళి తన బ్యాటరీ చూపించినప్పుడు నేను మెచ్చుకోవటానికి బదులు ప్రశ్నలు వేయసాగాను.

ఛార్జరు చిన్నగా రొద చేస్తున్నది. దాని తెరపై 58.8 ఓల్టులని కనబడుతున్నది. ఏడు పెట్టెలూ ఒకదాని పక్కన ఒకటి బల్లపై ఉన్నాయి. ఒక్కొక్క పెట్టెకు మూడేసి కొనలున్నాయి. రెండు కొనలకే తీగలు బిగించి, మధ్యనున్న మూడవదానిని ఊరికే వదిలేశాడు.

"దీనికి మూడు కొనలు ఉన్నాయేమిరా?" అని అడిగాను.

"మధ్యది మనకు అక్కరలేదు పెదనాన్నా. రెండు చివరలూ చూస్తే చాలు. చూడండి, ఏడింటికీ సరిగ్గా 8.4 వస్తున్నది" అని మీటరు పెట్టి చూపించాడు. నిజమే, ఏడింటికీ ఒకే అంకె.

"అక్కరలేనిదాన్ని వాళ్ళు ఎందుకు పెట్టారు?"

పండితుని మూర్ఖత్వానికి జాలిపడినట్లు నవ్వి, నా తృప్తి కోసం మీటరు కడ్డీని మధ్య కొనకు ఆనించాడు. మొదటి నాలుగు పెట్టెలలో రెండు సగాలూ 4.2 దగ్గరలోనే ఉన్నాయి. అయిదవ పెట్టెలో ఒక సగం 3.95 చూపింది. రెండవ సగం 4.45 చూపింది. అతని ముఖంలో నవ్వు మాయమయింది. మరొకసారి కొలిచాడు. ఏమీ మాట్లాడకుండా వెళ్ళి ఛార్జరు ప్లగ్గు లాగివేశాడు. దగ్గరగా దీపం పెట్టి చూస్తే ఆ పెట్టె ఒక పక్క కొద్దిగా ఉబ్బి ఉన్నది.

ఆ గ్యారేజికి సరిగ్గా పైన పిల్లల పడకగది ఉన్నది.

ఆ రాత్రి పిల్లలిద్దరినీ నిద్రలోనే ఎత్తుకొని ఇంటి అవతలి వైపు గదిలో పడుకోబెట్టాము. గ్యారేజి తలుపు బార్లా తెరిచాము. తీగలన్నీ విడదీసి, ఆ ఒక్క సగానికి కారు దీపపు బల్బు తగిలించి, దానిలోని శక్తి మెల్లగా దిగిపోయే దాకా కుర్చీలు వేసుకొని బయట కూర్చున్నాము. తెల్లవారింది. ఏ ప్రమాదమూ జరుగలేదు. జరుగలేదు కనుకనే ఇప్పుడు కూర్చొని వ్యాసం వ్రాయగలుగుతున్నాను.

ఇంతకూ జరిగినదేమిటి? ఒక్కొక్క లీఫ్ మాడ్యూలులో నాలుగు సెల్స్ ఉంటాయన్నాను గదా. అవి రెండేసి చొప్పున సమాంతరంగా కలిసి జంటలవుతాయి. ఆ రెండు జంటలను శ్రేణిలో కలుపుతారు. రెండు జంటలూ కలిసే చోటు నుండి బయటకు వచ్చేదే ఆ మధ్య కొన. ఏడు మాడ్యూళ్ళను వరుసగా కలిపితే పద్నాలుగు జంటల శ్రేణి ఏర్పడుతుంది. ఈ జాతి సెల్‌కు 4.2 ఓల్టులు పై హద్దు. పద్నాలుగు నాలుగు పాయింటు రెండ్లు 58.8. ఛార్జరుకు తెలిసినది ఆ మొత్తం ఒక్కటే. 4.45కు 3.95 కలిపితే 8.4 వస్తుంది. అందువల్ల ఛార్జరు దృష్టిలో అంతా సవ్యంగా ఉన్నది. పెట్టె చివరలు మాత్రమే చూసిన మా వాని దృష్టిలోనూ అంతా సవ్యంగానే ఉన్నది. లోపల మాత్రం ఒక జంట అర్ధాకలితో ఉండగా మరొక జంట గొంతుదాకా నిండి, ఇంకా మింగవలసివస్తున్నది. ఇందులో విచిత్రమేమిటంటే తుక్కు అంగడిలో పడి ఉన్న కాలంలో తన శక్తిని ఎక్కువగా పోగొట్టుకొన్నది మొదటి జంట. బాగా ఉన్నది రెండవది. దోషం ఒకరిది, దండన మరొకరికి!

తెలుగు మాధ్యమపు భౌతికశాస్త్ర పుస్తకాలలో సెల్‌ను 'ఘటం' అన్నారు. ఘటమంటే కుండ. చక్కని మాట. ఎందుకో వాడుకలో నిలువలేదు. కుండ అని తలచుకొంటే ఈ విషయం సులభంగా బోధపడుతుంది. కాని నాకు కుండకంటే చెరువు మరింత తగిన పోలికగా తోస్తుంది. కాకతీయుల కాలం నుండి మన నేలపై గొలుసుకట్టు చెరువులు ఉన్నాయి. ఎగువ చెరువు నిండగానే మిగులునీరు అలుగు మీదుగా పొర్లి దిగువ చెరువుకు పోతుంది. ఆ అలుగునే తెలంగాణలో మత్తడి అనీ, రాయలసీమలో మరవ అనీ అంటారు. చెరువు తవ్వించినవారు కట్ట ఎంత ఎత్తు పోయాలో ఆలోచించినట్లే, అలుగు ఎక్కడ పెట్టాలో కూడా ఆలోచించారు. అలుగు లేని చెరువుకు మంచి వాన కురిసిన రోజే గండం.

శ్రేణిలో కలిపిన సెల్స్‌కు స్వతహాగా అలుగు లేదు. ఒకే ప్రవాహం, ఒకే పరిమాణంలో, అన్నిటి గుండా సాగుతుంది. నిండినదానికీ అంతే, నిండనిదానికీ అంతే. నిండిన సెల్ 'ఇక చాలు' అనలేదు, పక్కదానికి పొర్లించలేదు. హద్దు దాటి నింపినకొద్దీ లోపలి ద్రావణం విచ్ఛిన్నమై వాయువులు పుడతాయి. లిథియం లోహరూపంలో పేరుకొంటుంది. సెల్ ఉబ్బుతుంది, వేడెక్కుతుంది. ఆ వేడి సుమారు 130 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే రెండు ధ్రువాలను వేరుచేసే పలుచని ప్లాస్టిక్ పొర కరిగిపోతుంది. అటుపైన జరిగేదాన్ని ఆపటం మన చేతిలో ఉండదు. ఆ మంటకు కావలసిన ఆమ్లజని కొంత సెల్ లోపలి పదార్థం నుండే విడుదలవుతుంది గనుక, దానిని కప్పి ఆర్పటం సాధ్యం కాదు. ధారాళంగా నీరు పోసి చల్లార్చటమే అగ్నిమాపకదళం వారైనా చేయగలిగినది.

కారులో ఉన్నప్పుడు ఈ ప్రమాదం ఎందుకు రాలేదని మీరు అడగాలి. లీఫ్ కారు బ్యాటరీలో అటువంటి జంటలు 96 వరుసగా ఉంటాయి. ఆ తొంభయ్యారింటినీ విడివిడిగా కనిపెట్టి చూసే ఎలక్ట్రానిక్ యంత్రాంగం ఒకటి ఆ పెట్టెలోనే ఉంటుంది. దానిని బ్యాటరీ నిర్వహణ వ్యవస్థ అనీ, వాడుకలో బి.ఎం.ఎస్. అనీ అంటారు. ఏ ఒక్క జంట హద్దు దాటినా అది ఛార్జింగ్‌ను నిలిపివేస్తుంది. ముందుగా నిండిన జంటలోని మిగులును ఒక నిరోధం గుండా పక్కకు మళ్ళించి, తక్కినవి దానిని అందుకొనే వరకు ఓపిక పడుతుంది. ఇదే అలుగు. ఒక్క తేడా ఉన్నది. చెరువు అలుగు మీదుగా పోయిన నీరు దిగువవారికి దక్కుతుంది, ఈ అలుగులో పోయినది చాలా వరకు వేడిగా మారిపోతుంది. తుక్కు అంగడి నుండి మనవాళ్ళు సెల్స్‌ను మోసుకువస్తున్నారు. కాపలాదారును అక్కడే వదిలి వస్తున్నారు. నేను చెప్పదలచిన అసలు మాట ఇదే. ప్రతి సెల్ ఓల్టేజినీ విడిగా చూడగల ఏర్పాటు లేనివారికి, అటువంటి బ్యాటరీని ఛార్జి చేసే అర్హత లేదు. బ్యాటరీ కూర్చటం నేర్పు. ఛార్జి చేయటం బాధ్యత.

మార్కెట్లో దొరికే బి.ఎం.ఎస్. పలక ఒకటి తెచ్చి తగిలిస్తే సరిపోతుందని కొందరు అనుకొంటారు. అది తప్పనిసరిగా ఉండవలసినదే, కాని దాని శక్తికీ మితి ఉన్నది. సాధారణమైన పలకలలో ఆ అలుగు గుండా పోయే ప్రవాహం 0.1 ఆంపియరుకు అటూ ఇటూ ఉంటుంది. రెండు జంటల మధ్య 10 ఆంపియర్ గంటల వ్యత్యాసం ఉన్నదనుకోండి. దానిని సరిచేయటానికి వంద గంటలు, అనగా నాలుగు రోజులకు పైగా పడుతుంది. కనుక శ్రేణిలో కలపక ముందే ఒక్కొక్కదానిని పరీక్షించాలి. నిండుగా ఛార్జి చేసి, తెలిసిన భారంతో ఖాళీ చేసి, ఎన్ని ఆంపియర్ గంటలు ఇచ్చిందో వ్రాసుకోవాలి. లీఫ్ జంట కొత్తలో సుమారు 66 ఇస్తుంది. 46 ఇచ్చేదానిని 60 ఇచ్చేదానితో ఒకే వరుసలో కట్టటం చివికిన గుడ్డను గట్టి గుడ్డకు కుట్టటమే. తరువాత నింపినదానిని రెండు వారాలపాటు ఊరికే వదిలి, మళ్ళీ కొలవాలి. ఏ పనీ చేయకుండానే దిగిపోయినది పనికిరాదు. ఈ రెండు వారాల ఓపికే మనవారిలో కొరవడుతున్నది.

మరొక దురలవాటు ఉన్నది. పూర్తిగా చచ్చిపోయిన సెల్‌కు బలవంతంగా కరెంటు ఎక్కించి 'బ్రతికించటం'. బాగా అడుగంటిపోయిన లిథియం సెల్‌లో రాగి రేకు కరిగి ద్రావణంలో చేరుతుంది. తిరిగి ఛార్జి చేసినప్పుడు ఆ రాగి ముళ్ళుముళ్ళుగా పేరుకొని లోపలే రెండు ధ్రువాలను కలిపివేయవచ్చు. పైకి బాగుపడినట్లు కనబడిన ఆ సెల్ ఎప్పుడు మోసగిస్తుందో తెలియదు. మన కథలలో మృతసంజీవని విద్యకు పేరుపొందినవాడు శుక్రాచార్యుడు. ఆయనకు కూడా దానివల్ల సుఖం కలిగినట్లు లేదు.

ఈ విషయం టెక్సాస్‌కో, కార్లకో పరిమితం కాదు. కరెంటు కోతల పుణ్యమా అని తెలుగునాట ఎన్నో పట్టణపు ఇళ్ళలో ఇన్వర్టర్లు ఉన్నాయి. వాటికి ఎక్కువగా తగిలించేది సీసపు బ్యాటరీ. అది మోటు మనిషి వంటిది, ఎంతటి అనాదరణనైనా ఓర్చుకొంటుంది. ఎక్కువ ఛార్జి చేస్తే నీరు ఆవిరవుతుంది, ఘాటైన వాసన వస్తుంది. మనం డిస్టిల్డ్ వాటర్ పోస్తాము, మళ్ళీ పనిచేస్తుంది. దానిని నిండుగా ఉంచటానికి ఇన్వర్టరు నిరంతరం కొద్దికొద్దిగా కరెంటు అందిస్తూనే ఉంటుంది. అప్పుడప్పుడు కొన్ని ఇన్వర్టర్లు లోపలి గదులను సమం చేయటానికి ఓల్టేజిని మామూలు కంటే పెంచుతాయి కూడా. ఈ మర్యాదలేవీ లిథియం సెల్‌కు పనికిరావు. దానికి కావలసిన పద్ధతి వేరు. మొదట నిలకడైన ప్రవాహంతో నింపాలి. హద్దు ఓల్టేజి చేరగానే ఆ ఓల్టేజిని పెరగనీయకుండా పట్టి ఉంచితే ప్రవాహం తనంతట తాను సన్నగిల్లుతుంది. ఆపైన పూర్తిగా ఆపివేయాలి. 'ఇంకొంచెం' అన్నమాట అక్కడ లేదు.

పాత సెల్స్‌తో చౌకగా బ్యాటరీ కట్టి ఇంట్లోని పాత ఇన్వర్టరుకే తగిలించాలనే ఆశ కలగటం సహజం. ఏడు లిథియం సెల్స్ వరుసగా కలిపితే నిండుదనం 29.4 ఓల్టులు. రెండు సీసపు బ్యాటరీల ఇన్వర్టరు సాధారణంగా 28.8 దాకా ఎక్కిస్తుంది. అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో చూడండి. ఆ దగ్గరితనమే మోసం. సమం చేసే వేళ అదే ఇన్వర్టరు 31కి పోయిందంటే ఒక్కొక్క సెల్‌పై 4.4 దాటుతుంది. అదీ అన్ని సెల్సూ సమానంగా ఉన్నప్పటి మాట. ఇక రేకుల కప్పు కింద, 45 డిగ్రీల ఎండలో, మెట్ల కింద మూలన పెట్టిన బ్యాటరీ సంగతి వేరే చెప్పాలా? మెట్ల కింద అన్నాను. మన ఇళ్ళలో ఇన్వర్టరుకు కేటాయించే చోటు అదే. అక్కడ మంట లేస్తే పైవారు దిగివచ్చే దారి మూసుకుపోతుంది.

అయితే ఈ పనిని మొత్తంగా నిషేధించాలా? 2023లో న్యూయార్కు నగరంలో లిథియం బ్యాటరీ మంటలలో 18 మంది మరణించారు. ఆ ఏడాదే ఆ నగరం, వాడిన బ్యాటరీల నుండి తీసిన సెల్స్‌తో కొత్త బ్యాటరీలు కూర్చి అమ్మటాన్ని నిషేధిస్తూ చట్టం చేసింది. అంతస్తుల మీద అంతస్తులుగా జనం నివసించే చోట అది న్యాయమే. మన దేశంలో 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు, వాడిన బ్యాటరీలను సేకరించి పునర్వినియోగానికి గాని పునశ్చక్రీకరణకు గాని పంపే బాధ్యతను ఉత్పత్తిదారులపై పెట్టాయి. అదీ మంచిదే. ఎవరో కూర్చిన బ్యాటరీని పరీక్ష, ముద్ర లేకుండా మరొకరికి అమ్మటాన్ని నేను ఏ మాత్రం సమర్థించను. కొన్నవానికి లోపల ఏమున్నదో తెలియదు గదా.

కాని తన అవసరానికి తాను చేసుకొనేవానిని నేరస్థునిగా చూడటానికి నా మనస్సు ఒప్పదు. నిషేధిస్తే ఆ పని ఆగదు, చాటుకు పోతుంది. తప్పు జరిగినప్పుడు చెప్పుకొనే ధైర్యం కూడా పోతుంది. మా వాడు ఆ రాత్రి నాతో వాదించాడు. "నా ఇల్లు, నా సాహసం. ఇందులో పరుల మాట ఎందుకు పెదనాన్నా?" అన్నాడు. పైగదిలో నిద్రిస్తున్న పిల్లలను అడిగి ఈ సాహసం చేశావా అన్నాను. దానికి అతని వద్ద జవాబు లేదు. నిజం చెప్పాలంటే, వానికి జవాబు లేదని సంతోషించే స్థితిలో నేనూ లేను.

నేను పనిచేసిన కళాశాలలలో భౌతికశాస్త్ర ప్రయోగశాలలను చూశాను. విద్యార్థులు ఓమ్ నియమాన్ని నిరూపించి, అంకెలు రికార్డు పుస్తకంలో ఎక్కించి, సంతకం పెట్టించుకొని వెళతారు. అక్కడ వారు పట్టుకొనే వోల్టుమీటరే ఆ రాత్రి మా పిల్లలను కాపాడింది. మూడు పాత సెల్స్‌ను ఆరుబయట, అధ్యాపకుని కళ్ళముందు, వరుసగా కట్టి ఛార్జి చేస్తూ, ఒక్కొక్కదాని ఓల్టేజి ఎట్లా వేరుపడుతుందో కొలిచే ప్రయోగం ఒకటి పెడితే ఎంత బాగుండును! మార్కులు రావచ్చు, రాకపోవచ్చు. ఇంటికి వెళ్ళి స్కూటరు బ్యాటరీ విప్పాలనుకొనే కుర్రవాని చేయి ఒక్క నిమిషం ఆగుతుంది. విజ్ఞానశాస్త్ర అధ్యాపకులు ఈ సూచనను సాహిత్యం వాని చాదస్తంగా కొట్టివేయరని ఆశిస్తాను.

ఇక మా వాని విషయం. ఆ ఉబ్బిన మాడ్యూలును అతడు తిరిగి వాడలేదు. ఒకసారి హద్దు దాటిన సెల్‌ను నమ్మరాదు. పునశ్చక్రీకరణ కేంద్రం వారికి అప్పగించాడు. మరొక ఎనిమిది మాడ్యూళ్ళు తెచ్చి, పాతవాటితో కలిపి అన్నిటినీ నెలరోజుల పాటు పరీక్షించి, వాటిలో ఒకదానికొకటి దగ్గరగా ఉన్న ఏడింటిని మాత్రమే ఎంచుకొన్నాడు. ఇప్పుడు బ్యాటరీ గ్యారేజిలో లేదు. పెరటిలో, ఇంటికి ఎడంగా, సిమెంటు దిమ్మెపై లోహపు బీరువాలో ఉన్నది. మధ్య కొనలన్నిటికీ తీగలున్నాయి. ఛార్జింగ్‌ను 4.2 దాకా పోనీయడు, 4.1 వద్దనే ఆపుతాడు. కొంత శక్తి తగ్గినా, ఆయువు పెరుగుతుందట. రాత్రి వేళ అందరూ నిద్రించాక ఛార్జింగ్ జరగదు.

ఒక చలికాలపు ఉదయం ఫోను చేసి, "పెదనాన్నా, బయట సున్నా కంటే కిందికి పోయింది. బి.ఎం.ఎస్. ఛార్జింగ్‌కు ఒప్పుకోవటం లేదు" అని కొంత నిరాశగా చెప్పాడు. గడ్డకట్టే చలిలో ఛార్జి చేస్తే లిథియం లోపలికి ఇంకక లోహమై పైన పేరుకొంటుందని, అందుకే ఆ యంత్రం నిరాకరిస్తుందని అతనే నాకు వివరించాడు. ఏ చలి కోసమైతే ఆ బ్యాటరీ కట్టుకొన్నాడో ఆ చలిలోనే అది నింపుకోవటానికి వీలులేదు. ముందురోజే నింపి ఉంచుకోవాలి, లేదా బీరువాను వెచ్చబరిచే ఏర్పాటు చేసుకోవాలి. ఏం చేస్తావని అడిగితే, ఎండ ఎక్కేదాకా ఆగుతానన్నాడు.

ప్రతి ఆదివారం పద్నాలుగు అంకెలను ఒక నోటుపుస్తకంలో వ్రాసుకొంటున్నాడు. గత వారం తొమ్మిదవ జంట 4.07 దగ్గర ఆగిపోయిందట. తక్కినవన్నీ 4.1. ఇంకొక రెండు వారాలు చూసి, అదే వరుస అయితే విప్పి తీసివేస్తానని చెప్పాడు.